జపాను కొండసీమలో అయిదు దినములు – ప్రయాణమునకు ముందు



యాత్ర యనగా గడప దాటిన దినమున మొదలగునని తలచువారు పెక్కురు. మా యాత్ర మాత్రము వంటయింటి గోడకు జపాను దేశపటము తగిలించిన దినముననే మొదలైనది. కాళిదాసు మేఘసందేశమున పూర్వభాగమంతయు ప్రయాణక్రమమే గదా! ఏ కొండపై విశ్రమింపవలెనో, ఏ నదియొద్ద నీరు గ్రోలవలెనో, త్రోవ కొంత వంకరయైనను ఉజ్జయిని నేల చూచి పోవలెనో యక్షుడు ముందుగనే చెప్పెను. కాళ్లు లేని మేఘునకే మార్గము ముందుగ నిర్ణయింపవలసి వచ్చినప్పుడు, మోకాళ్ల నొప్పులుగల యత్తగారిని వెంట గొని పరదేశమునకు పోవు మావంటివారి మాట చెప్పవలెనా?

మా తమ్ముడు నాలుగేండ్లనుండి నగోయా నగరమున ఇంజనీరుగా నున్నాడు. ఈ దసరా సెలవులకు మమ్ము రమ్మని యతడును మరదలును పట్టుపట్టిరి. మావారు బడిపంతులు. వారికి సెలవులు దొరకుట సులభమే గాని సొమ్ము దొరకుట సులభము కాదు. అయిదేండ్లు చీటీ కట్టి కూడబెట్టినది కొంత యుండుటచే, నింటిల్లిపాదియు నాలోచించి సరే యంటిమి. నగరములు చూచుటపై మాకంత మోజు లేదు. జపాను దేశమున నాలుగింట మూడుపాళ్లు కొండలే యట. ఆ కొండలలో నయిదు దినములు గడపుదమని నిశ్చయించితిమి.

జపాను వీసాకు దరఖాస్తు పెట్టునప్పుడు ఏ దినమున ఏ యూర నుందుమో, ఎచ్చట నిద్రింతుమో వరుసగా వ్రాసిన పత్రమొకటి జతపరుపవలసి యుండును. కావున ఆలోచనలు గాలిలో నుండిన చాలదు, కాగితము మీదికి రావలెను. ఒక రాత్రి భోజనములైన పిదప మేమును మావారును పటము ముందర గూర్చుంటిమి.

మొదటి లెక్క

మొదట వ్రాసిన పత్రమును తలచుకొన్న నిప్పటికిని నవ్వు వచ్చును. ఫ్యూజీ పర్వతము, కిసో లోయ, మత్సుమోతో కోట, కామికోచి, తతెయామా–కురోబె కొండమార్గము, కనజావా, తకయామా, షిరకవా – ఇవన్నియు నయిదు దినములలో! తతెయామా మార్గమొక్కటే చూడుడు. అది 2,450 మీటర్ల యెత్తునకు పోవును. దారిలో బస్సులు, కొండరైలు, తీగబండి అని పలుమారులు వాహనములు మారవలెను. 186 మీటర్ల యెత్తు గల కురోబె ఆనకట్ట మీదుగ నడవవలెను. ఇది యొక్కటే నిండుదినపు పని. మేము దానిని మధ్యాహ్నమునకు ముందే ముగించి సాయంకాలమునకు కనజావా చేరినట్లు వ్రాసికొంటిమి.

ఈ పరుగులో అత్తగారు రాలేరని మాకును తెలియును. అందుచే మేము, మావారు, తమ్ముడు పోయివచ్చునట్లును, అత్తగారు నగోయాలో మరదలియొద్ద నుండునట్లును ఏర్పాటు చేసితిమి. ఆమె సుఖము కొరకే యని మేము మనస్ఫూర్తిగ నమ్మితిమి.

మరునాడు ఆరిన బట్టలు మడత పెట్టుచు అత్తగారు మెల్లగా నిట్లనిరి. "అమ్మాయీ, రాత్రి మీరు చెప్పుకొన్నది విన్నాను. అంతదూరము వచ్చి నాలుగు గోడల నడుమ కూర్చుండుటకు మన యిల్లు చాలదా? ఆ టిక్కెట్టు సొమ్ము పిల్లల చదువునకు దాచుడు. నేనిక్కడనే ఉంటాను."

కోపముతో నన్నమాట కాదు. కోపమైన నోర్చుకొందుము. మా మామగారు బ్రతికియుండగా బదరికి తీసికొనిపోదునని ఆమెకు మాట యిచ్చిరి. ఏటేట నేదో యొక యడ్డంకి వచ్చుచుండెను. తుదకు వారే లేకపోయిరి. అరువది యెనిమిదేండ్ల వయస్సు వచ్చినను ఆమె పెద్ద పర్వతము నొక్కదానినైన దగ్గరగ చూచి యెరుగరు. ఇది మాకు తెలియనిది కాదు, పటము చూచుకొను సంబరములో మరచితిమి. ఆ పత్రమును చింపివేసి, "అత్తయ్యగారూ, మీరు నడువగలిగినంతయే మా యాత్ర" అని చెప్పి మరల మొదటినుండి లెక్క వేసికొంటిమి. సోదరీమణులు చదువదగినది ఈ రెండవ లెక్కయే.

నాలుగు నియమములు

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలువబడి నీళ్లు త్రాగుట మేలను సామెతను ముందుంచుకొని మేము నాలుగు నియమములు పెట్టుకొంటిమి. దినమునకు దూరప్రయాణ మొక్కటియే యుండవలెను. మూడుగంటలకు బస చేరవలెను. నడుచువారికి నడకయు, నడువలేనివారికి బండియు ఒకేచోటికి చేరవలెను. ఎవరిని గాని యొంటరిగ విడువరాదు.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830–31 సంవత్సరములలో తల్లిని, భార్యను వెంటగొని చెన్నపట్టణమునుండి కాశికి పోయివచ్చిరి. ఏ మజిలీలో నీరున్నది, అంగడి యున్నది, బాట యెట్టిది యని తమ కాశీయాత్ర చరిత్రలో వ్రాసియుంచిరి. మేము చేసినదియు నంతే. ప్రతి మజిలీకెదురుగ బస్సువేళ, మెట్లు, భోజనము, పడక అను నాలుగు గళ్లు గీసి నింపితిమి. ఏ గడి నిండలేదో ఆ యూరు వదలితిమి. అట్లే తతెయామా, కనజావా, ఫ్యూజీ పోయినవి.

మజిలీల బాట

మొదటి రెండు దినములకును కిసో లోయ నెన్నుకొంటిమి. తోకుగావా ప్రభువుల కాలమున ఎదో నగరమునుండి, అనగా నేటి టోక్యోనుండి, క్యోటోకు పోవు రాజమార్గములలో నకసెండో యొకటి. దాని పొడవు సుమారు 530 కిలోమీటర్లు, మజిలీలు 69. అందు 11 మజిలీలు కిసో కొండలలో నున్నవి. సముద్రతీరపు మార్గమున పెద్దనదులు దాటవలసి యుండుటచే రాజకుటుంబపు స్త్రీలు తరచుగ ఈ కొండబాటనే పోవుచుండిరట. 1861లో చక్రవర్తి చెల్లెలు కజునోమియా పదునైదేండ్ల వయస్సున షోగును ఇయెమోచికి భార్య యగుటకై మహాపరివారముతో నీబాటనే పోయెను.

ఈ బాటలోనే కిసో–ఫుకుషిమా యను చోట గొప్ప సుంకపు ఠాణావంటి కాపలాద్వార ముండెడిది. లోనికి పోవు తుపాకులను, వెలుపలికి పోవు స్త్రీలను పట్టుకొనుట దాని ముఖ్యమైన పని. సామంతరాజుల భార్యలు ఎదోలో జామీనుగ నుండవలసినవారగుటచే, వారు మారువేషమున తప్పించుకొని పోకుండునట్లు స్త్రీల అనుమతిపత్రములను అతిశ్రద్ధతో పరీక్షించుచుండిరి. ఇట్టి ద్వారముల నన్నిటిని 1869లో తీసివేసిరి. ఒకప్పుడు స్త్రీ కడుగు కదల్చుటయే నేరమైన బాటను, నేడు మనము టిక్కెట్టు కొని పోయి చూచుటకు నోచుకొంటిమి. ఈ సంగతి చదివి వినిపించగా అత్తగారు, "అయితే ఆ బాటన నేను నాలుగడుగులైన వేయవలెను" అనిరి.

దినక్రమము

మొదటిదినము: ఉదయము నగోయాలో రైలెక్కిన సుమారు 50 నిమిషములలో నకత్సుగావా చేరుదుము. అచ్చటనుండి అరగంట బస్సులో మగోమె. ఈ యూరు నవలాకారుడు షిమజాకి తోసోను 1872లో జన్మించిన స్థలము. రెండుమారు లగ్నిప్రమాదము వచ్చి కాలిపోయినను మరల కట్టుకొనిన యూరు. వీధి రాతిపరపుతో నిట్టనిలువుగ నుండును. మగోమెనుండి త్సుమాగోకు పాతబాటన నడిచిన సుమారు 8 కిలోమీటర్లు, మూడుగంటల నడక. 800 మీటర్ల యెత్తునగల కనుమ దాటిన పిదప అంతయు దిగుడే. మగోమె ఎత్తునను, త్సుమాగో పల్లమునను ఉండుటచే ఈ దిక్కుగ నడుచుటయే సులభము. దారిలో జంటజలపాతములు, వచ్చినవారికి తేనీరిచ్చు పాత బాటసారుల యిల్లు ఉన్నవి. ఎలుగుబంట్లు దూరముగ పోవుటకై అక్కడక్కడ గంటలు కట్టియుంతురు. బాటసారులు వానిని మ్రోగించుచు పోవలెను.

మేమును మావారును నడుతుము. తమ్ముడును మరదలును అత్తగారితో బస్సులో త్సుమాగోకు పోవుదురు. బస్సులు కొద్దిపాటివే గావున వేళలు ముందుగనే వ్రాసికొంటిమి. త్సుమాగో వీధి దాదాపు చదునుగ నుండును. పగటివేళ అందులోనికి బండ్లను రానీయరు. పెద్దవారు భయము లేక నడువవచ్చును. రైలు, మోటారుబాటలు వచ్చిన తరువాత ఈ యూరు పాడుపడసాగెను. 1968నుండి గ్రామస్థులు పాతయిండ్లను నిలువబెట్ట నారంభించి, "అమ్మరాదు, అద్దె కీయరాదు, పడగొట్టరాదు" అని మూడు కట్టుబాట్లు చేసికొనిరి. ఆనాటి యిండ్ల వరుస అందుచేతనే నిలిచియున్నది. ఆ రాత్రి బస అక్కడనే.

రెండవదినము: నగిసో స్టేషనులో రైలెక్కి కిసో–ఫుకుషిమాలో దిగి పాత ద్వారమును చూచి, మరల రైలులో మత్సుమోతో చేరుట. దారి పొడవునను హినోకి చెట్ల యడవులు. ఆ కొయ్యను దొంగతనముగ కొట్టినవానికి పూర్వము తల తీయుటయే శిక్ష యట. ఇరువదేండ్ల కొకమారు మరల నిర్మించు ఇసె దేవాలయమునకు కిసో హినోకియే వాడుదురు. మత్సుమోతోలోని నల్లనికోట పదునారవ శతాబ్దపు చివర కట్టినది. లోపలి మెట్లు నిచ్చెనవలె నిలువుగ నుండునని తెలిసి, అత్తగారు కందకపు గట్టున బల్లపై కూర్చుండి కోటనీడను నీటిలో చూచునట్లును, మేము ఇరువురిరువురుగ లోనికి పోయివచ్చునట్లును నిర్ణయించితిమి.

మూడవదినము: ఇదియే మా యాత్రకు శిఖరము. మత్సుమోతోనుండి బస్సు హీదా పర్వతముల క్రిందుగ 1997లో తెరచిన ఆబో సొరంగములో దూరి హిరాయు అను వేడినీటిబుగ్గల యూరు చేరును. అచ్చటనుండి ఇంకొక బస్సులో షిన్‌హోతకా పోవలెను. అక్కడ రెండుమజిలీలుగ రోప్‌వే కలదు. రెండవ మజిలీలోని పెట్టె రెండంతస్తులది. అది మనుష్యులను 2,156 మీటర్ల యెత్తున దించును. హోతకా శిఖరములు ఎదుటనే యుండును. అక్టోబరు నడుమ పైకొండల ఆకులు ఎర్రబడియుండును. శిఖరముపై తొలిమంచు పడినను పడవచ్చును. వాన మబ్బు కమ్మిన నేమియు కనబడదు గావున, ఒకవేళ నట్లైన మరునాటి యుదయము పోవుటకు వీలుగ ఆ రాత్రి హిరాయులోనే బస పెట్టుకొంటిమి.

భారతమున గంధమాదనమునకు పోవుచు ద్రౌపది సొమ్మసిల్లగా ఘటోత్కచుడు మోసికొని పోయిన కథ అత్తగారికి కంఠస్థము. రోప్‌వే సంగతి చెప్పినప్పుడు ఆమె నవ్వి, "ఇనుపతీగల ఘటోత్కచుడన్నమాట!" అనిరి. బట్టల మడతలనాటినుండి ఆమె నవ్వుట అదియే మొదలు.

నాలుగవదినము: హిరాయునుండి గంట బస్సులో తకయామా. పాతవీధులు, ఏటిగట్టు ఉదయపుసంత చూడదగినవి. ఏప్రిల్ 14, 15 తేదీలలోను, అక్టోబరు 9, 10 తేదీలలోను ఇచ్చట రథోత్సవములు జరుగును. ఆ దినములలో బస దొరకుట కష్టము. ఉత్సవము చూడగోరువారు నెలల ముందుగ పూనుకొనవలెను. మేము మాత్రము ఆ తేదీలు దాటిన పిదపనే బయలుదేరుచున్నాము.

అయిదవదినము: బస్సులో 50 నిమిషములు పోయిన షిరకవా గ్రామము. 1995లో దీనిని ప్రపంచవారసత్వ స్థలముగ గుర్తించిరి. అచ్చటి గడ్డికప్పుల యిండ్లను గాస్షో యిండ్లందురు. గాస్షో యనగా మన యంజలియే. రెండుచేతులు మొగిడ్చినట్లు కప్పు నిటారుగ నుండుటచే ఆ పేరు. శీతకాలపు మంచు నిలువక జారిపోవుటకే యంత వాలు. కప్పు క్రింది యటుకలపై పూర్వము పట్టుపురుగులను పెంచెడివారు. కప్పు నేయవలసివచ్చిన ఊరివారందరు కూలి లేక వచ్చి సాయపడుదురు. నేడు నీ యింటికి నేను, రేపు నా యింటికి నీవు అను నీ కట్టును వారు "యుయి" యందురు. అచ్చటనుండి తిన్నగ నగోయాకు బస్సు కలదు. అందు చోటు ముందుగ కొనవలెను.

భోజనము

శాకాహారులకు ముఖ్యమైన చిక్కిక్కడనే. కూరగాయలు మాత్రమే కనబడు వంటకములోను "దాషి" యను రసము చేరును. అది సాధారణముగ ఎండబెట్టిన చేపతో చేసినది. మిసో పులుసునందును, సోబా యను గోధుమరంగు సేమియాను ముంచుకొను రసమునందును అదియే. కావున "చేప, మాంసము వద్దు" అనిన చాలదు, "చేపరసము కూడ వద్దు, సముద్రపు నాచుతోనో పుట్టగొడుగుతోనో చేసిన రసము కావలెను" అని బస కుదుర్చుకొనునప్పుడే వ్రాయవలెను. సాయంకాలము చేరి చెప్పిన వారేమి చేయగలరు? పల్లెబసలలో భోజనము ఆరుగంటలకే సిద్ధమగును, అదియు ఉదయమునుండి వండినది. మా తమ్ముడు జపాను భాషలో వ్రాసిన యుత్తరమునకు మూడుబసలవారు సరేయనిరి. ఒకరు తమవలన కాదని మర్యాదగ వ్రాసిరి. వారి నిష్కపటత్వమునకు సంతోషించి మరియొక బస చూచుకొంటిమి.

నోరూరించునవియు లేకపోలేదు. శరత్కాలమున నకత్సుగావాలో చెస్ట్‌నట్ గింజలు ఉడికించి చక్కెరతో ముద్దచేసిన "కురికింటోన్" అను మిఠాయి దొరకును. అన్నమును మెదిపి పుల్లకు గ్రుచ్చి, అక్రోటు నువ్వుల ముద్ద పూసి నిప్పులపై కాల్చు "గోహెయి మోచి" యొకటి. ముద్దలో చేపరసము లేదని అడిగి తినవలెను. కిసోవారు ముల్లంగిజాతి దుంప ఆకులను ఉప్పు లేకయే పులియబెట్టి "సున్కి" యను ఊరగాయ చేయుదురు. ఉప్పు లేని యూరగాయ యనగానే మా అత్తగారు నమ్మలేదు. తిని చూచి తీర్పు చెప్పెదరట. ఆమెకొరకు అటుకులు, వేయించిన పొడులు, చింతకాయపచ్చడి డబ్బా యొకటి మా సంచిలో నుండనే యుండును.

స్నానము, పడక, సామాను

బుగ్గలయూర స్త్రీలకు వేరుగ, పురుషులకు వేరుగ స్నానపుగదు లుండును. కాని లోపల అందరును వివస్త్రలుగనే దిగవలెను. దిగుటకు ముందు బయట శుభ్రముగ కడుగుకొనవలెను. మనకిది సంకోచము. కొన్ని బసలలో నొక కుటుంబమునకే ప్రత్యేకించి యిచ్చు తొట్టి యుండును, దానిని "కషికిరి" యందురు. హిరాయులో అట్టి బసనే కోరితిమి. వేడినీటిలో మోకాళ్లు నానుట అత్తగారికి మేలే గాని, రక్తపు పోటు గలది గావున వైద్యునడిగి కొద్దినిమిషములే యని నిర్ణయించితిమి.

పడక చాపలపై పరపు. నేలమీద పండుకొనుట మనకు క్రొత్తకాదు గాని, నొప్పిమోకాళ్లతో లేచుట కష్టము. కావున నాలుగు రాత్రులలో రెండు మంచములు గల బసలు చూచితిమి. మిగిలినచోట్ల పీట యొకటి కోరితిమి.

తీర్థయాత్రకు ముందు ధర్మరాజునకు లోమశుడు చెప్పిన మొదటిమాట తేలిక కమ్మనుటయే. మనిషికొక చిన్నసంచి, రెండుచేతులును ఖాళీ. పెద్దపెట్టెలు తమ్ముని యింటనే. అట్టి యిల్లు లేనివారు "తక్యూబిన్" అను సామానుపంపకపు ఏర్పాటు నుపయోగింపవచ్చును. పెట్టెను నేడు ఒకయూర నిచ్చిన సాధారణముగ రేపు మరియొకయూరి బసకు చేరును.

ఇంకొకమాట. విదేశీయులకొరకు అమ్ము ఏడుదినముల రైలుపాసు వెల 2023 అక్టోబరులో 29,650 యెనులనుండి 50,000 యెనుల కెక్కినది. మా మార్గమున బస్సులే యెక్కువ. లెక్క కట్టగా విడివిడి టిక్కెట్లే చౌకగ కనబడెను. కొనుటకు ముందు కాగితముపై కూడికలు వేయుడు. పల్లెలలో చిల్లరసొమ్ము దగ్గర నుంచుకొనుడు.

తుదిమాట

వీసాలు వచ్చినవి. మొదటి పత్రమున ఎనిమిది స్థలము లుండెను, వానిలో ఇప్పుడు సగమే మిగిలినవి. అయినను ఈ రెండవ పత్రమే మాకు పెద్దదిగ తోచుచున్నది. ఇంటిలో నడువలేనివారుండగా నడకవేగమును వారికాళ్లతో కొలువవలెను గాని మన యాశతో కాదని ఆలస్యముగ నేర్చికొంటిమి. వారిని విడిచి పోవునప్పుడు "వారి సుఖము కొరకే" యని మనము చెప్పుకొనుమాటను ఒకమారు వారినే యడిగిన బాగుగ నుండును.

అత్తగారు నెలదినములనుండి సాయంకాలము గుడిచుట్టు ప్రదక్షిణములు పెంచుకొనుచున్నారు. మొదట మూడు, ఇప్పుడు తొమ్మిది. నిన్న వచ్చి, "అమ్మాయీ, ఎలుగులను తోలు ఆ గంట బస్సు దిగినచోటికి దగ్గరలో నున్నదా, నడువవలెనా?" అని యడిగిరి. తమ్మునికి వ్రాసితిమి. జాబు ఇంకను రావలసియున్నది.